మూడో నెల తూకం

మూడు వందల యాభై గ్రాములు.

ఆరేళ్ళుగా ఈ అంకె నాతో ఉంది. చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలవాడు త్రాసు ఎత్తితే గుర్తుకొస్తుంది. పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పుడు గుర్తుకొచ్చింది. కాన్పు గదిలో నర్సు నా పాపను తూచి బరువు గట్టిగా చదివినప్పుడు ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళు సంతోషమనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను. అనుకోనివ్వడం నాకు బాగా అలవాటు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో. తెలిసినవాళ్ళకు చెప్పబోయిన ప్రతిసారీ, నోరు తెరిచేలోపే కథ కొంచెం మారిపోయేది. నా వైపుకు ఒరిగేది. మా ఆయనకు ఒకసారి చెప్పబోయాను. "బస్తీలో ఒక పాప చనిపోయింది, నా స్టడీలో ఉండేది" అన్నాను. అంతవరకే చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మాత్రం ఏం చెయ్యగలవు" అన్నారు. ఆ ఓదార్పును నేను కాదనలేదు. నాది కాని వస్తువు ఎవరో నా చేతిలో పెడితే దాచుకున్నట్టు దాచుకున్నాను.

ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు. పాపకు ఎనిమిదో నెల. రాయడం మొదలుపెట్టి మూడుసార్లు ఆపేశాను. ఈసారి ఆపను.

అప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. మా నాన్నది ప్రభుత్వ ఉద్యోగం, చిక్కడపల్లిలో తాతగారి కాలం నుంచీ ఉన్న ఇల్లు. హౌస్ సర్జన్సీ అయిపోగానే నా పెళ్ళి చేసేయాలని ఇంట్లో నిశ్చయం. సంబంధాలు వస్తున్నాయి. సరిగ్గా అప్పుడే కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. ఒక ట్రస్టు వైద్య విద్యార్థులకు ఏడాది పాటు పరిశోధన చేసుకోవడానికి ఫెలోషిప్ ఇస్తుందట. రాష్ట్రం మొత్తానికి ఇద్దరికే. ఆ కాగితం చదువుతుంటే పరిశోధన మాట కంటే 'ఏడాది' అన్న మాట నాకు పెద్దదిగా కనిపించింది. ఒక ఏడాది నాకంటూ ఉంటుంది. ఎవరూ పెళ్ళిచూపులకు రారు. నాన్న కూడా ఫెలోషిప్ అంటే కాదనలేరు.

ఇది సాకుగా చెప్పడం లేదు. ఎంత గట్టిగా కావాలనుకున్నానో మీకు తెలియాలి కదా అని చెబుతున్నాను.

దరఖాస్తుతోపాటు పైలట్ స్టడీ పెట్టాలి. అంటే అసలు పరిశోధనకు ముందు చిన్నగా చేసి చూపించే నమూనా. మూడు నెలల లెక్కలు కావాలి. మా గైడ్ సార్ ముందే చెప్పారు: "టేబుల్లో ఖాళీలుంటే కమిటీ ప్రశ్నలు వేస్తుందమ్మా." ఆయన ఆ మాట మామూలుగానే అన్నారు. దాన్ని నేను ఎలా వాడుకున్నానో ఆయనకు తెలియదు.

నేను ఎంచుకున్నది ఏడాది లోపు పసిపిల్లల బరువు. అశోక్‌నగర్‌లో నాలా పక్కన అప్పుడు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. వాటిని కట్టడానికి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడే గుడిసెలు వేసుకుని ఉండేవి. వాళ్ళ పిల్లలకు వేయించిన గోధుమలు, పల్లీలు, బెల్లం కలిపి దంచిన పొడి ఇవ్వాలి. నెలకోసారి, రెండో ఆదివారం, తూకం వేసి రిజిస్టర్లో రాయాలి. మొత్తం ఇరవై ఎనిమిది మంది పిల్లలు. ఎవరైనా బరువు తగ్గితే ఆసుపత్రికి పంపాలి. అందుకోసం తూకం అయ్యాక అందరి బరువులూ ఒక చీటీ మీద రాసి అక్కడి అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేదాన్ని. ఈ ఏర్పాటు నేనే చేశాను. ప్రపోజల్లో దాని గురించి ఒక పేరా మొత్తం గొప్పగా రాసుకున్నాను.

తెల్లవారగానే వెళ్ళాలి. ఎనిమిది దాటితే ఆడవాళ్ళు అడ్డా మీదికి పోతారు. కూలికి పిలిచే మేస్త్రీల కోసం రోడ్డు పక్కన నిలబడే చోటును అడ్డా అంటారు. ఆ తర్వాత గుడిసెల్లో ముసలివాళ్ళు, పసివాళ్ళు మాత్రమే మిగులుతారు.

మొదటి రెండు నెలలూ ఎంత బాగా జరిగాయో. స్ప్రింగు త్రాసును గుడిసె దూలానికి కట్టి, గుడ్డ జోలెలో పిల్లను వేసేదాన్ని. పిల్లలు గుక్కపెట్టి ఏడిస్తే తల్లులు నవ్వేవాళ్ళు. "మా ఆయనను గూడ జోకు డాక్టరమ్మా, ఎంతకు పోతడో చూద్దం" అని ఒకామె అంటే, "నీ మొగడిని ఎవడు కొంటడే, మోరీల పడేసినా తేలుతడు" అని ఇంకొకామె అనేది. వాళ్ళ మాటలో జోకడమంటే తూకం వేయడం. నా చేత కూడా ఆ మాట అనిపించి నవ్వుకునేవాళ్ళు.

గుడిసెలు నాలుగు వరసలు. నాలుగో వరస నాలాకు ఆనుకుని ఉండేది. ఆ వరసలో ఆరుగురు పిల్లలు. అందులో ఒక పాప పేరు మంజుల. తల్లి బాలమణి, ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆమె పనికి పోతే పాపను చూసుకునేది అత్త చెన్నమ్మ. మంజుల బొద్దుగా ఉండేది. జోలెలో వేస్తే ఏడవకుండా త్రాసు ముల్లు కేసి చూసేది. చెన్నమ్మ పక్కనే నిలబడి, "కూరగాయల లెక్క నా మనుమరాలిని జోకుతున్నవ్ బిడ్డా, జర దిష్టి తీసి పో" అనేది. నిజంగానే నా చేత దిష్టి తీయించేది కూడా.

ఇంతవరకూ రాయడం తేలిక. ఇక్కడి నుంచి నా చెయ్యి బరువెక్కుతోంది.

మూడో నెల రెండో ఆదివారం. ముందు రోజు బాగా వాన పడింది. మూడు వరసలు పూర్తి చేసేసరికి ఎనిమిది దాటింది. ఇరవై రెండు మంది అయ్యారు. మూడో వరసకూ నాలుగో వరసకూ మధ్య ఒక మోరీ, అంటే మురుగు కాలువ ఉంది, అది పొంగింది. నల్లటి బురద. మధ్యలో రెండు ఇటుకలు వేశారు గాని అవి కనిపించడం లేదు. మోరీకి అవతల, గుడిసె గుమ్మంలో చెన్నమ్మ కూర్చుని ఉంది. ఒడిలో మంజుల. మా మధ్య దూరం యాభై అడుగులు కూడా ఉండదు.

నారాయణగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఆయన ఆదివారమైనా నా కోసం తొమ్మిదింటికి వచ్చి తెరుస్తానన్నాడు. మర్నాడు పొద్దున దరఖాస్తు పోస్టులో పడాలి. నా కాళ్ళకు మంచి చెప్పులు. నిజం చెబుతున్నాను, చెప్పుల గురించి కూడా ఆలోచించాను.

చెన్నమ్మ చెయ్యి ఎత్తింది, రమ్మన్నట్టు. నేను చేతి గడియారం చూపించి, మళ్ళీ వస్తానన్నట్టు చెయ్యి ఊపాను. ఆమె తల ఊపింది. పాప ఎలా ఉంది? కదిలిందా? అంత దూరం నుంచి బాగానే కనిపించిందని నాకు నేను చెప్పుకున్నాను. ఒడిలో ఉన్న పసిపిల్ల ఎవరైనా దూరం నుంచి బాగానే కనిపిస్తుంది.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన టేబుల్ కొడుతూ కొడుతూ ఆగాడు. "మేడం, ఈ ఆరు గళ్ళు ఖాళీ పెట్టాల్నా?" అన్నాడు.

మా సీనియర్లు దీన్ని వంట అనేవాళ్ళు. క్యాంటీన్‌లో కూర్చుని సర్వే ఫారాలు నింపడం. అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసేవాళ్ళు, నవ్వుతూ చెప్పుకునేవాళ్ళు కూడా. పాత నెల బరువు చూసుకో, దానికి కొంచెం కలుపు, అందరికీ ఒకేలా కలపకు, ఒక్కరికి పెంచకుండా వదిలెయ్. నేను అంతకు ముందు ఎప్పుడూ వండలేదు. నాకది ఒక గర్వం. ఆ రోజు రిజిస్టరు తెరిచి, టైపు మిషను పక్కనే నిలబడి, ఆరు గళ్ళూ నింపాను. ఒకరికి రెండు వందలు. ఒకరికి నాలుగు వందలు. ఒకరికి ఏమీ లేదు. మంజుల దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగాను. బొద్దుగా ఉండే పాప కదా అనుకుని మూడు వందల యాభై వేశాను. కానుక ఇస్తున్నట్టు వేశాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంటికి వెళ్తూ చీటీ టీచరుకు ఇచ్చాను. ఆ ఆరు అంకెలతో సహా. ఆరు పేర్లు వదిలేస్తే ఆమె అడుగుతుంది కదా.

ఆ సాయంత్రం నాలుగో వరసకు వెళ్ళొచ్చు. మర్నాడు వెళ్ళొచ్చు. వాన తగ్గింది, మోరీ దిగింది. వెళ్ళలేదు. నింపేసిన గడి కోసం మళ్ళీ బురద తొక్కడం ఎందుకనిపించింది. ఈ వాక్యం రాస్తుంటే నాకే భయంగా ఉంది. ఇలా ఆలోచించిన అమ్మాయి నేనేనా? నేనే. ఆమె చెడ్డది కూడా కాదు. ఇంట్లో అందరూ మెచ్చుకునే అమ్మాయి.

మూడు వారాలకు ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ వెంటనే వచ్చిన రెండో ఆదివారం నాలుగో నెల తూకానికి హుషారుగా వెళ్ళాను. ఆ రోజు ముందుగా నాలుగో వరసకే పోయాను. ఎందుకో ఆలోచించలేదు. లోపల ఎక్కడో తెలుసేమో.

బాలమణి గుమ్మంలో కూర్చుని ఉంది. పనికి పోయే చీర కాదు. చెన్నమ్మ లోపల గోడకు ఆనుకుని ఉంది. దూలానికి ఊయల లేదు.

"పాపేది బాలమణీ?" అన్నాను.

"లేదమ్మా. పాణం పోయి పన్నెండు దినాలాయె" అంది. ఏడవలేదు. చాప జరిపి, "కూసోండ్రి. మిమ్మల్ని ఒక్క ముచ్చట అడగాలె. మీకోసమే పనికి పోలే" అంది.

కూర్చున్నాను. ఆమె చెప్పింది. ఆ మాటలు నాకు వరసగా గుర్తున్నాయి, ఒక్కటీ జారిపోలేదు.

"మీరు జోకి పోయినంక నాలుగైదు దినాలకు చూసిన. బిడ్డ పాలు గుంజుతలేదు. మొఖం పీక్కపోయింది. టీచరమ్మ తానకు ఎత్తుకపోయిన. ఆమె మీ చీటీ తీసి చూసింది. మొన్ననే డాక్టరమ్మ తూకమేసింది, మూడు వందల యాభై గ్రాములు పెరిగింది, ఊకె పరేషాన్ గాకు అన్నది. నాకు ఒక్క అచ్చరం రాదమ్మా. రాసిన్రంటే నిజమే గద. నా కండ్లే మంచిగ లేవనుకున్న. పనికి పోయిన. అటెన్క విరేచనాలు వట్టినయ్. దవాఖానకు తీస్కపోయేసరికి ఇగ ఏం లేదన్నరు."

ఆమె అత్త వైపు తిరిగింది.

"గిప్పుడు అడుగుత చూడు. అమ్మా, ఈమె మీరు రానే రాలేదంటది."

"రాలే," అంది చెన్నమ్మ లోపలి నుంచి. "ఎన్నిసార్లు చెప్పాలె? మోరీ అవుతలి నుంచే చెయ్యి ఊపింది. గడియారం చూపిచ్చింది. పోయింది. నేను గీడనే కూసున్న."

"అవుతలి నుంచి చూస్తే తూకం ఎట్ల తెలుస్తది అత్తా? ఆమె కండ్లల్ల ఏమన్న కాంటా ఉన్నదా? కల్లు తాగి పన్నవ్. ఎవరొచ్చిన్రో, ఎవరు పోయిన్రో నీకు సోయి లేదు. బిడ్డ ఏం తిన్నదో, ఏం నోట్లె వెట్టుకున్నదో గది గూడ సోయి లేదు."

"కల్లు మానేసి ఏడాదాయె, నీకెర్క లేదా? నా మనుమరాలి మీద ఒట్టు..."

"ఒట్టు వెట్టకు!" అని అరిచింది బాలమణి. తర్వాత నా వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగింది. "అమ్మా, మీరే చెప్పుండ్రి. వచ్చిన్రా, రాలేదా?"

జవాబుకు నాకు పట్టింది బహుశా రెండు మూడు క్షణాలే. కాని ఆ క్షణాల్లో నేను అన్నీ స్పష్టంగా చూశాననీ, ఇంటర్వ్యూ ఉత్తరం, గైడ్ సార్ సంతకం పెట్టిన టేబుల్, ఒక్క గడి అబద్ధమని తేలితే మిగిలిన ఇరవై రెండూ అబద్ధమైపోవడం, నాన్న ముఖం, అన్నీ పక్కపక్కన పెట్టి చూసి మరీ ఎంచుకున్నాననీ మీకు చెప్పాలి. నోరు జారలేదు. భయంలో వచ్చిన మాట కాదు. ఎంచుకున్నాను.

"వచ్చిన," అన్నాను. "అవ్వ నిద్రపోతుండె. లేపలేదు. పాపను నేనే ఎత్తుకొని జోకిన."

వాళ్ళ మాటే వాడాను. జోకిన అన్నాను. నమ్మాలని.

చెన్నమ్మ నా వైపు చూసింది. కోపంగా చూస్తుందనుకున్నాను. నా మీద దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. బహుశా పోయాలనే ఆశపడ్డాను. ఆమె చాలాసేపు చూసింది. నుదురు ముడిచి, దూరంగా ఉన్నదాన్ని పోల్చుకుంటున్నట్టు చూసింది. తర్వాత ఆమె ముఖంలో ఏదో విడిపోయింది.

"అట్లనా," అంది. "మరి నాకు గట్ల యాదికున్నదేంది?"

తనే మెల్లగా తల ఊపుకుంది.

"ఏమో. సదువుకున్న బిడ్డ, అబద్ధమెందుకు చెప్తది? నాకే నిద్ర వట్టినట్టున్నది. ముసలి పాణం." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకే నిద్ర వట్టింది బాలమణీ. నేనే జూడలే."

ఆమె నన్ను అబద్ధాలకోరు అనలేదు. తన కళ్ళతో చూసినదాన్ని, నా ఒక్క మాట కోసం, తన లోపలి నుంచి తీసేసింది. దాని చోట నేను ఇచ్చినదాన్ని పెట్టుకుంది. నిద్రపోయిన నాయనమ్మను. పసిపిల్లను చూసుకోని నాయనమ్మను.

లేచాను. త్రాసు సంచీ భుజాన వేసుకున్నాను. ఆ వరసలో మిగతా అయిదుగురు పిల్లలకు, తర్వాత మిగిలిన వరసలకూ తూకం వేశాను. అవును, వేశాను. రిజిస్టర్లో రాతలో తేడా లేదు. ఇప్పటికీ ఆ పేజీ ఉంది, ఎంత అందంగా ఉంటుందో నా చేతిరాత.

పది రోజుల తర్వాత టీచరు చెప్పింది. ముసలామెను కొడుకు ఊరికి పంపించాడట. "బస్సు ఎక్కిచ్చి, మల్ల నాకు కనవడకు అన్నడంట. ఆమె ఒక్క మాట అనలేదంట మేడం" అంది. నేను "అయ్యో" అన్నాను. ఆ అయ్యో కూడా నిజంగానే వచ్చింది. మనిషి లోపల ఎన్ని అరలుంటాయి?

ఇంటర్వ్యూ రోజు నా పక్కన నా స్నేహితురాలు కూర్చుంది. ఆమె కూడా దరఖాస్తు పెట్టింది. ఆమె టేబుల్ నిండా ఖాళీలే. ఒక్కో ఖాళీలో 'ఇంట్లో లేరు' అని నిజాయితీగా రాసుకుంది. నా కాగితాలు చూసి, "నీవి ఎంత నీట్‌గా ఉన్నాయే" అంది. లోపలికి పిలిచాక, ఆ మధ్య చనిపోయిన పాప గురించి నేనే చెప్పాను. దాచినట్టు ఉండకూడదని. మూడో తూకం వరకూ పెరుగుదల మామూలుగానే ఉందనీ, తర్వాత విరేచనాలతో పోయిందనీ చెప్పాను. ఒకాయన తల పంకించి, చాలా బాధాకరం, కాని వివరాలు చక్కగా ఉంచావు అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను.

ఫెలోషిప్ నాకే వచ్చింది. ఆమెకు రాలేదు. నా ఏడాది నాకు దొరికింది. ఆ ఏడాదిలో సంతోషంగా గడిపిన రోజులు కూడా ఉన్నాయి, అది కూడా ఒప్పుకోవాలి. చివర్లో రిపోర్టు బైండు చేయించాను. అందులో ఒక వాక్యం ఉంది: ఒక శిశువు మరణించింది, చివరి తూకం వరకూ ఆ శిశువు ఎదుగుదల సంతృప్తికరం. ఎవరైనా దాన్ని చదివి ఉంటారు. ఎవరైనా తమ పనిలో దాన్ని లెక్కలోకి తీసుకుని ఉంటారు. రాయాల్సింది అది కాదు: పిల్ల సన్నగిల్లుతున్నదని తల్లి తెలుసుకుంది, టీచరు దగ్గరికి ఎత్తుకుపోయింది, నా అంకె ఆమెను వెనక్కి పంపింది.

డాక్టరుగా నన్ను నేను అడుగుతాను. ఆ రోజు మోరీ దాటి ఉంటే పాప బతికేదా? ఏమో. ఆ వాన రోజుల్లో బస్తీల్లో చాలామంది పిల్లలు విరేచనాలతో పోయారు, తూకం సరిగ్గా వేసినవాళ్ళు కూడా పోయారు. కొన్ని రోజులు ఈ జవాబు పట్టుకుని బతికాను. ఇది నిజం కూడా కావచ్చు. కాని దీనికి చెన్నమ్మ గురించి చెప్పడానికి ఏమీ లేదు. పాపకు ఏమయ్యేదో నాకు తెలియదు. చెన్నమ్మకు ఏం చేశానో తెలుసు. మొదటిది బద్ధకం, తొందర, నేను చెప్పులు తడవకుండా చూసుకోవడం. రెండోదానికి నా దగ్గర పేరు లేదు.

వాళ్ళు ఎక్కడున్నారో తెలియక వెళ్ళలేకపోయానని మీరు అనుకోవచ్చు. తెలుసు. రిజిస్టర్లో స్వగ్రామం అని ఒక గడి ఉండేది. ఆ గడి నేను వండలేదు, చెన్నమ్మనే అడిగి రాశాను. మండలం పేరు కూడా ఉంది. ఫెలోషిప్ ఏడాదిలో ఒకసారి బస్టాండ్ దాకా వెళ్ళాను. ఆ ఊరి మీదుగా పోయే బస్సు వచ్చింది. కండక్టరు ఎక్కమ్మా ఎక్కమ్మా అన్నాడు. బస్సు వెళ్ళిపోయాక ఇంకో అరగంట అక్కడే నిలబడి ఇంటికి వచ్చేశాను. అమ్మ అడిగితే లైబ్రరీకి పోయానన్నాను. తర్వాత సంబంధం కుదిరింది. అశోక్‌నగర్‌లో ఆ అపార్ట్‌మెంట్లు పూర్తయ్యాయి, గుడిసెలు పోయాయి. ఆ గేటు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఆటోవాణ్ణి వేరే రోడ్డు మీదుగా పొమ్మంటాను.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నాను?

నేను పొద్దున పూట నారాయణగూడలో ఒక క్లినిక్‌లో కూర్చుంటాను. ఆ సమయంలో పాపను మా అత్తగారు చూసుకుంటారు. మంచి మనిషి. నా కంటే ఓపికగా చూస్తారు. పోయిన మంగళవారం ఇంటికి వచ్చేసరికి పాప ఒళ్ళు కొంచెం వెచ్చగా అనిపించింది. పాలు తాగిందా అని అడిగాను. తాగింది, రెండుసార్లు తాగింది అన్నారు. ఎన్ని గంటలకు అన్నాను. ఎంత తాగింది అన్నాను. సీసా తెచ్చి చూశాను. మళ్ళీ అడిగాను. నాకు ఆ భయం వస్తే ఆగలేను, ఎవరి మాటా నాకు ఆనదు, చీటీ మీద రాసిన బరువు కూడా ఆనదు. చివరికి, "మీరు కునుకు తీసినట్టున్నారు అత్తమ్మా" అన్నాను.

ఆమె ఒక్క నిమిషం నా వైపు చూశారు. నుదురు ముడిచారు.

"ఏమోనమ్మా," అన్నారు. "తీశానేమో."

ఆమె కునుకు తీయలేదు. నాకు తెలుసు. పక్కింటావిడతో కిటికీలోంచి మాట్లాడుతూనే ఉన్నారట పొద్దంతా. ఒళ్ళు వెచ్చబడింది ఎండకే, సాయంత్రానికి తగ్గిపోయింది. కాని ఆమె ముఖం అలా విడిపోవడం చూశాను. నేను గట్టిగా అడిగితే చాలు, ఒక ముసలి మనిషి తనకు తెలిసినదాన్ని వదిలేసుకుంటుంది. ఇది నాకు చేతనైన పని. రెండోసారి చేశాను.

అప్పటి నుంచి నిద్ర లేదు.

ఇది చదవగలిగినవాళ్ళలో చెన్నమ్మ లేదు. బాలమణి లేదు. వాళ్ళకు చేరాల్సిన మాటను చదువుకున్న మీకు చెబుతున్నాను, ఇందులో కూడా నా పిరికితనం ఉందని తెలుసు. చెన్నమ్మ ఇప్పుడు బతికి ఉందో లేదో తెలియదు. ఉంటే, ఆ ఊళ్ళో ఏదో ఒక గోడకు ఆనుకుని, నిద్రపోయినందుకు తనను తాను తిట్టుకుంటూ ఉంటుంది. నేను వెళ్తానా? వెళ్తానని రాయాలనుంది. రాస్తే అది మళ్ళీ ఒక గడి నింపినట్టవుతుంది. అందుకని రాయను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడం మీ చేతిలో లేదు. నాకు కావలసింది ఒక్కటే. ఆరేళ్ళలో ఒక్కసారైనా ఆ మాట తిన్నగా, ఏమీ కలపకుండా, ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఆ ఆదివారం నేను మోరీ దాటలేదు. మంజుల బరువు ఆ నెల ఎవరూ చూడలేదు. చెన్నమ్మ తాగి లేదు, నిద్రపోలేదు. గుమ్మంలో మేలుకునే కూర్చుని ఉంది, మనుమరాలిని ఒడిలో పెట్టుకుని, నన్ను రమ్మని చెయ్యి ఎత్తింది.

నేను చూశాను.